మీవాళ్లేమంటున్నారు?

2001 సెప్టెంబరు 11 సాయంత్రం నేను డెస్కులో ఉన్నాను. ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. ఒక బి.ఏ. పట్టా, ఉర్దూ చదవడం రాయడం వచ్చునన్న అదనపు అర్హత, ఇంతే నా పెట్టుబడి. మొదటి ఎడిషన్ పేజీలు వెళ్లిపోయాక మా సీనియర్ ఒకాయన టీ గ్లాసు నా ముందు పెట్టి, "ఏం భాయ్, మీవాళ్లేమంటున్నారు?" అని అడిగాడు.

ఆయన మంచివాడు. నాకు హెడ్డింగు పెట్టడం నేర్పినవాడు. ఆ ప్రశ్నలో విషం లేదు, ఉత్త కుతూహలమే. నేనేం చేశాను? "చాలా తప్పంటున్నారు సార్, మతంలో దీనికి చోటే లేదంటున్నారు" అని గబగబా చెప్పేశాను. నిజానికి నేను ఎవర్నీ అడగలేదు. ఆ రోజు మా అబ్బాతో కూడా మాట్లాడలేదు. నూరు కోట్లు దాటిన మనుషుల తరఫున ఒక ట్రైనీ సబ్‌ఎడిటరు టీ గ్లాసు ముందు కూచుని సంజాయిషీ ఇచ్చేశాడు.

మూడు నెలలు తిరక్కుండానే డిసెంబరు 2న ఎన్రాన్ కంపెనీ దివాలా తీసింది. ఆ వార్తను తెలుగు చేసిందీ నేనే. దభోల్ కరెంటు గొడవ వల్ల ఎన్రాన్ పేరు మనకు కొత్త కాదు. డెస్కులో ఆ రాత్రి బోలెడు చర్చ జరిగింది. కానీ ఎవర్నీ "మీవాళ్లేమంటున్నారు?" అని అడగలేదు. అడుగుదామన్నా ఎవర్నడుగుతాం? హూస్టన్ వాళ్లనా? చార్టర్డ్ అకౌంటెంట్లనా? కోటూ టై కట్టుకున్న వాళ్లందర్నీనా? ఆ ప్రశ్న వేయాలన్న ఊహే ఎవరికీ రాలేదు. నాక్కూడా రాలేదు. చాలా ఏళ్ల తర్వాత గానీ ఆ రెండు రాత్రుల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

అకౌంటబిలిటీ అన్న మాట తగిలినప్పుడల్లా మేం డెస్కులో 'జవాబుదారీతనం' అని రాస్తాం. అందులో జవాబు అరబ్బీ నుంచి, దారు ఫార్సీ నుంచి వచ్చాయి. ఉర్దూ మీదుగా తెలుగింటికి చేరి 'తనం' తగిలించుకుని స్థిరపడ్డాయి. జవాబు ఇవ్వవలసినవాడు జవాబుదారు. అయితే ముందు ఒక ప్రశ్న ఉండాలి, అది ఎవర్ని అడుగుతున్నామో తేలాలి. ఇరవయ్యేళ్లకు పైగా అమెరికా కంపెనీల కుంభకోణాలు తెలుగు చేస్తూ నేను చూసింది ఏమిటంటే, అక్కడ ప్రశ్నలకు కొదవలేదు, జవాబుదారు దొరకడమే కష్టం. నాలాంటివాడి విషయం ఇందుకు తలకిందులు. ప్రశ్న పూర్తి కాకముందే జవాబుదారు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు.

ఎన్రాన్‌కు నీతి లేదనడం తప్పు. 64 పేజీల నీతి ఉండేది. 2000 జులైలో అచ్చేసిన ఆ నియమావళికి ఛైర్మన్ కెన్నెత్ లే స్వయంగా ముందుమాట రాశాడు. గౌరవం, నిజాయితీ, సంభాషణ, శ్రేష్ఠత అని కంపెనీకి నాలుగు విలువలు. అంతకు ముందు ఏడాదే, 1999లో, ఆ కంపెనీ బోర్డు సమావేశమై తన ఫైనాన్స్ అధికారి ఆండ్రూ ఫాస్టో విషయంలో అంతకుముందున్న నియమావళిని పక్కన పెట్టింది. కంపెనీతోనే వ్యాపారం చేసే సొంత భాగస్వామ్యాలు నడుపుకోవడానికి ఆయనకు అనుమతి కావాలి, నియమాలు అడ్డొస్తున్నాయి. అందుకని నియమాలకే సెలవిచ్చారు. దొంగచాటుగా కాదు, తీర్మానం చేసి, మినిట్స్ రాసి. నన్ను ఇప్పటికీ ఆపేసేది ఈ వివరమే. నీతి తప్పడానికి కూడా ఒక పద్ధతీ ఒక ఫైలూ ఉన్నాయి చూడండి.

అప్పుల్ని లెక్కల్లోంచి తప్పించడానికి ఆ భాగస్వామ్యాలు పనికొచ్చాయి. అంతా కూలాక వేలమంది ఉద్యోగుల ఉద్యోగంతో పాటు, కంపెనీ షేర్లలోనే పెట్టుకున్న ముసలితనపు పొదుపు కూడా పోయింది. కోర్టులో కెన్నెత్ లే తనకు తెలియదన్నాడు. 2006 మేలో జ్యూరీ నమ్మలేదు, దోషి అంది. శిక్ష పడకముందే జులైలో ఆయన చనిపోయాడు, అప్పీలుకు అవకాశం లేకుండా పోయినందున ఆ తీర్పును కూడా చట్టప్రకారం కొట్టేశారు. జెఫ్రీ స్కిల్లింగ్ మాత్రం పన్నెండేళ్ల పైచిలుకు నిర్బంధంలో గడిపాడు. ఆ మేరకు ఎన్రాన్ విషయంలో జవాబుదారులు దొరికారనే చెప్పాలి. ఆ తర్వాత కాలమే మారింది.

ఎలా మారిందో చూడాలంటే వెల్స్ ఫార్గో బ్యాంకు కథ చూడాలి. దీనిమీద కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే ఇందులో చనిపోయినవాళ్లు లేరు, పేలింది ఏమీ లేదు, అంతా కౌంటరు దగ్గర జరిగింది. ఒక్కో ఖాతాదారు దగ్గర బ్యాంకువి ఎనిమిది రకాల ఖాతాలో కార్డులో ఉండాలని ఆ బ్యాంకు లక్ష్యం. ఇంగ్లీషులో ఎయిట్‌కూ గ్రేట్‌కూ ప్రాస కుదురుతుంది, అందుకే ఎనిమిది. ఒక బ్యాంకు విధానం ప్రాస కోసం పుట్టింది! ఆ లెక్క రోజువారీ కోటాగా కింద కౌంటరు గుమాస్తా మీద పడింది. సాయంత్రానికి కోటా పూర్తికాకపోతే మేనేజరు నిలదీస్తాడు, మేనేజర్ని పైవాడు నిలదీస్తాడు. వాళ్లేం చేశారు? ఖాతాదార్లకు తెలియకుండా వాళ్ల పేర్లమీద ఖాతాలు తెరిచారు, క్రెడిట్ కార్డులు తెప్పించారు. లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక 2013లోనే దీన్ని బయటపెట్టింది. 2016 సెప్టెంబరులో ప్రభుత్వ సంస్థలు 18.5 కోట్ల డాలర్ల జరిమానా వేశాయి. దొంగ ఖాతాలు 20 లక్షల దాకా ఉండవచ్చని మొదట అన్నారు, మరుసటి ఏడు ఆ అంకె 35 లక్షలకు పెరిగింది.

దీనికి సంబంధించి బ్యాంకు అయిదేళ్లలో సుమారు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది. వాళ్లలో ఎక్కువమంది కిందివాళ్లు. బ్యాంకులో 'నీతి హాట్‌లైన్' అని ఒక ఫోను నంబరు కూడా ఉండేది. దానికి ఫోన్ చేశాక తమ ఉద్యోగమే పోయిందని చెప్పినవాళ్లున్నారు. అలా ఫిర్యాదు చేసిన ఒక మేనేజర్ని మళ్లీ తీసుకుని 54 లక్షల డాలర్లు చెల్లించమని 2017లో కార్మిక శాఖ ఆదేశించింది. ప్రధానాధికారి జాన్ స్టంఫ్ సెనేట్ కమిటీ ముందు కూచుని బాధ్యతంతా తనదేనన్నాడు. అప్పుడు సెనేటర్ ఎలిజబెత్ వారెన్ వేసిన ప్రశ్నలు చాలా మామూలువి. రాజీనామా చేశావా? ఆ రోజుల్లో సంపాదించిన దాంట్లో ఒక్క కాసైనా వెనక్కిచ్చావా? పై అధికారి ఒక్కర్నైనా తీసేశావా? మూడింటికీ సూటిగా అవునన్న జవాబు లేదు.

ఆ తర్వాత ఆయన దిగిపోవలసి వచ్చింది. బోర్డు కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది, 2020లో ఆయనకు సొంతంగా 1.75 కోట్ల డాలర్ల జరిమానా పడింది, బ్యాంకింగు నుంచి జీవితకాల నిషేధం వచ్చింది. బ్యాంకు మరో 300 కోట్ల డాలర్లు కట్టింది. ఏమీ జరగలేదని నేననను. కానీ కోటా తయారైంది పైన, తప్పు నమోదైంది కింద. బాధ్యత పైనుంచి మెట్లు దిగుతూ వచ్చి కౌంటరు దగ్గర ఆగిపోయింది.

అయితే 'కంపెనీ' అనేదాన్నే బోనులో నిలబెట్టలేమా? అమెరికా చట్టంలో కంపెనీ ఒక వ్యక్తి. ఉర్దూలో చెప్పాలంటే జమీర్ లేని షఖ్స్, అంతరాత్మ లేని మనిషి. ఈ మనిషి హక్కులు మాత్రం ఏటికేడు పెరుగుతూ వచ్చాయి. అంతర్యుద్ధం తర్వాత, విముక్తులైన నల్లవాళ్లకోసం తెచ్చిన 14వ సవరణ రక్షణను 1886 నాటి ఒక రైల్వే కేసు మొదలుకుని కంపెనీలు అందుకున్నాయి. 2010లో ఎన్నికల ఖర్చు విషయంలో కంపెనీలకు వాక్ స్వాతంత్ర్యం ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో హాబీ లాబీ కేసులో కుటుంబాల చేతుల్లో ఉండే కంపెనీలకు మతస్వేచ్ఛ చట్టం రక్షణ కూడా వర్తిస్తుందని చెప్పింది. మతం కూడా వచ్చింది! అయినా ఆ మతం తరఫున సంజాయిషీ చెప్పమని ఏ కంపెనీనీ ఎవరూ అడిగినట్టు నాకు తెలియదు.

శిక్షకొచ్చేసరికి ఈ మనిషి పలచబడిపోతాడు. 1978లో ఇండియానా రాష్ట్రంలో ఫోర్డ్ పింటో కారును వెనకనుంచి ఇంకో వాహనం గుద్దితే మంటలంటుకుని ముగ్గురు అమ్మాయిలు చనిపోయారు. ఆ రాష్ట్రం ఏకంగా ఫోర్డ్ కంపెనీమీదే నరహత్య కేసు పెట్టింది. నేరం రుజువైనా పడే జరిమానా మొత్తం 30 వేల డాలర్లు. 1980లో జ్యూరీ నిర్దోషి అంది.

మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసిన వ్యాసాన్ని లాభమే కంపెనీ ధర్మం అన్నమాట కోసం అందరూ ప్రస్తావిస్తారు. నాకు ఆ వ్యాసం మొదట్లోని వాదన ఎక్కువ ఆసక్తి. బాధ్యత అనేది మనుషులకే ఉంటుంది, వ్యాపారం అనే కల్పిత వ్యక్తికి కాదు అంటాడాయన. సరే, ఆయన మాటే ఒప్పుకుందాం. మరి జరిమానా కంపెనీ ఖజానాలోంచి, అంటే వాటాదార్ల డబ్బులోంచి కట్టి ఊరుకోవడమెందుకు? ఆ మనుషులెవరో వాళ్లనే పిలవాలి కదా. లాభం దగ్గర ఫ్రీడ్‌మన్‌ను నమ్మినవాళ్లు శిక్ష దగ్గర నమ్మడం మానేశారు.

1979లో పీటర్ ఫ్రెంచ్ అనే తత్వశాస్త్ర ఆచార్యుడు దీనికి ఎదురువాదన చేశాడు. కంపెనీకి లోపల నిర్ణయం తీసుకునే ఒక ఏర్పాటుంది. ఎవరు ఎవరికి చెప్పాలి, ఏ సంతకం తర్వాత ఏ పని జరగాలి అన్నది రాసిపెట్టి ఉంటుంది. ఒక్కో మనిషి అనుకున్నది వేరు, ఆ ఏర్పాటు గుండా బయటికొచ్చిన నిర్ణయం వేరు. ఆ నిర్ణయం కంపెనీదే, కాబట్టి నైతిక బాధ్యతా కంపెనీదే. నాకు ఈ వాదన చదివినప్పుడు తత్వశాస్త్రంకంటే ముందు ఆ టీ గ్లాసు గుర్తొచ్చింది. ఎందుకంటే మాకు బోర్డు లేదు. మేం తీర్మానం చేయలేదు. నేను మా కౌమ్‌లో దరఖాస్తు పెట్టుకుని చేరలేదు, నియమావళి మీద సంతకం చేయలేదు, ఎవర్నీ ఉద్యోగంలోంచి తీసేసే అధికారం నాకు లేదు, ఏడాది చివర బోనసూ లేదు. ఏ గుంపునైతే గుంపుగా ప్రశ్నించడానికి అర్థముందో ఆ గుంపు దగ్గరకొచ్చేసరికి లోకం ఒక్కొక్కర్నీ విడివిడిగా చూడాలంటుంది. పుట్టుకతో తప్ప మరే ముడీ లేని గుంపు దగ్గరకొచ్చేసరికి అందర్నీ కలిపి ఒక్కడిగా చూస్తుంది.

ఇది నా మనసులోని దుగ్ధ మాత్రమే అనుకునేవాళ్ల కోసం 2002 జూన్ నెల చెబుతాను. ఆ నెల 6న అమెరికా అటార్నీ జనరల్ జాన్ యాష్‌క్రాఫ్ట్ ఒక ప్రత్యేక నమోదు పథకం ప్రకటించాడు. అది అమల్లోకొచ్చాక కొన్ని దేశాలనుంచి వచ్చి ఉంటున్న, 16 ఏళ్లు నిండిన మగవాళ్లు ఆఫీసుకొచ్చి వేలిముద్రలూ ఫోటోలూ ఇచ్చి ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవాల్సి వచ్చింది. జాబితా చివరికి 25 దేశాలకు పెరిగింది. ఉత్తర కొరియాను పక్కన పెడితే దాదాపు అన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలే. 80 వేలమందికి పైగా వరసల్లో నిలబడ్డారు. 13 వేలమందికి పైగా దేశం వదిలి పొమ్మనే కేసులు ఎదుర్కొన్నారు. ఉగ్రవాద నేరం కింద ఆ పథకం వల్ల ఒక్క శిక్షా పడలేదు. 2011లో ఆపి, 2016 డిసెంబరులో పూర్తిగా ఎత్తేశారు.

అదే జూన్ 15న హూస్టన్‌లో జ్యూరీ ఆర్థర్ ఆండర్సన్ సంస్థను దోషిగా తేల్చింది. ఎన్రాన్ లెక్కలు తనిఖీ చేసిన ఆడిటర్లు వాళ్లు. కాగితాలు చింపి పోగులు పెట్టి విచారణకు అడ్డుపడ్డారన్నది నేరం. శిక్ష పడ్డది సంస్థకు, మనుషులకు కాదు. లైసెన్సులు వదులుకుంది, మూతపడింది. అమెరికాలో దానికి 28 వేలమంది ఉద్యోగులుండేవారు. వాళ్లలో ఎన్రాన్ ఫైలు మొహం చూసినవాళ్లు ఎందరు? ఎక్కడో షికాగోలో ఒక గుమాస్తా, తన పనేదో తను చేసుకునేవాడు, ఆ పేరు బయోడేటాలో ఉన్నందుకే ఇంటర్వ్యూల్లో తలవంచుకుని ఉంటాడు. ఎవరో ఒకరు టీ కప్పు పెట్టి "మీవాళ్లేం చేశారయ్యా?" అని అడిగే ఉంటారు. అతని మీద నాకు కోపం రాదు. అతను నాకు చుట్టం అనిపిస్తాడు. 2005లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది, కానీ కొట్టేసేనాటికి సంస్థ మిగల్లేదు.

ఈ రెండింటిలోంచి అమెరికా ఏం నేర్చుకుంది? ఆండర్సన్ నుంచి త్వరగా నేర్చుకుంది. కంపెనీని దోషిగా నిలబెడితే అమాయకులు వీధిన పడతారు, కాబట్టి విచారణ వాయిదా వేసి ఒప్పందం రాసుకుందాం, జరిమానా కట్టించుకుందాం అనే పద్ధతి ఆ తర్వాతి ఏళ్లలో బాగా పెరిగింది. అమాయకుల పట్ల జాలి మంచిదే. వరసల్లో నిలబెట్టిన ఆ 80 వేలమంది విషయంలో అదే పాఠం నేర్చుకోవడానికి ఎంతకాలం పట్టిందో పైన రాశాను.

ఆ జాలి ఎందాకా పోయిందో బోయింగ్ కేసులో కనిపిస్తుంది. 737 మ్యాక్స్ విమానాలు 2018 అక్టోబరులో ఇండొనేషియా దగ్గర ఒకటి, 2019 మార్చిలో ఇథియోపియాలో ఒకటి కూలి 346 మంది చనిపోయారు. రెండో విమానంలో మన తెలుగు మనిషీ ఉన్నారు. విమానం ముక్కును కిందికి దించే కొత్త సాఫ్ట్‌వేర్ గురించి నియంత్రణ సంస్థకు పూర్తిగా చెప్పలేదన్నది అభియోగం. 2021 జనవరిలో ప్రభుత్వం 250 కోట్ల డాలర్ల వాయిదా ఒప్పందం చేసుకుంది. ఆ తప్పు సంస్థంతటా వ్యాపించింది కాదని, పెద్ద అధికారుల ప్రమేయం లేదని ఆ ఒప్పందంలోనే ప్రభుత్వం రాసిచ్చింది. అప్పటికే తొలగించబడ్డ ప్రధానాధికారి డెన్నిస్ మ్యూలెన్‌బర్గ్ దాదాపు 6.2 కోట్ల డాలర్ల విలువైన చెల్లింపులూ పెన్షనుతో వెళ్లాడు. ఒక్క టెక్నికల్ పైలట్‌ను మాత్రం బోనెక్కించారు, 2022లో జ్యూరీ అతన్ని నిర్దోషి అంది. బహుశా న్యాయంగానే అంది. అందరిలో అతనొక్కడే ఎందుకన్న ప్రశ్న వాళ్లకూ వచ్చి ఉంటుంది.

"అందరూ అలాంటివాళ్లు కారు." ఈ మాట కంపెనీ నోట వస్తే ప్రభుత్వం సంతకం పెట్టి ఒప్పుకుంటుంది. మా నోట వస్తే కుంటిసాకు అవుతుంది.

ఇక్కడ నా ఇంటిని కూడా చూసుకోవాలి, లేకపోతే ఈ వ్యాసం రాయడానికి నాకు అర్హత లేదు. వక్ఫ్ భూములు అన్యాక్రాంతమయ్యాయని రాసిన ప్రతిసారీ మా పెద్దలు కొందరు నాకు చెప్పేది ఇదే మాట, కొందరు ముతవల్లీలు చేసిన పనికి అందర్నీ అనకు బేటా అని. అక్కడ మాత్రం నేను పీటర్ ఫ్రెంచ్ పక్షం. వక్ఫ్ సంస్థకు బోర్డుంది, ఛైర్మనున్నాడు, తీర్మానాలున్నాయి, లీజు కాగితాల మీద సంతకాలున్నాయి. అక్కడ అడగండి. మాకంటే ముందు మీరే అడిగినా తప్పు లేదు. వితంతువుకు చేరాల్సిన అద్దె ఎవరి జేబులోకి పోయిందని అడిగితే అది మతంమీద దాడి కాదు. మైనారిటీ అన్న గాయాన్ని చూపించి లెక్కల పుస్తకం మూసేసేవాళ్లను నేను చూశాను. వాళ్లకూ 64 పేజీల ఎన్రాన్‌కూ పెద్ద తేడా లేదు.

మా ఊళ్లోనే సత్యం కంప్యూటర్స్ జరిగింది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలోనూ నమోదైన కంపెనీ. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కల్లో వేలకోట్లు లేవని తనే ఉత్తరం రాశాడు. 2015లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది, అప్పీళ్లకు వెళ్లారు. ఆ వారమంతా ఆయన కులంవాళ్లను గానీ ఊరివాళ్లను గానీ మీవాళ్లేమంటున్నారని ఎవరూ అడగలేదు. అడగకూడదు కూడా. దానికి ఏడాదిన్నర ముందే, 2007 మేలో మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయినవాళ్లూ మావాళ్లే, పోలీసులు పట్టుకెళ్లిన కుర్రాళ్లూ మావాళ్లే. ఆ కుర్రాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చినా పాతబస్తీ అడ్రసు చూసి అద్దె ఇల్లు ఇవ్వనివాళ్లు కోర్టు తీర్పు చదివి ఇచ్చారా?

కంపెనీకి అన్నిటికంటే గట్టి కవచం "తెలియదు" అన్న మాట. దాన్ని కోర్టు చీల్చిన సందర్భం ఒకటి మావాళ్లు తెలుసుకోవాల్సింది. 2008లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో 17 ఏళ్ల ముస్లిం అమ్మాయి తలకు స్కార్ఫ్ కట్టుకుని అబర్‌క్రోంబీ దుస్తుల దుకాణంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకెళ్లింది. మార్కులు బాగానే వచ్చాయి, స్కార్ఫ్ మాత్రం కంపెనీ 'లుక్ పాలసీ'కి కుదరలేదు. అది మతంకోసమని ఆమె చెప్పలేదు, మాకు తెలియదు అని కంపెనీ వాదించింది. 2015లో సుప్రీంకోర్టు ఎనిమిదిమంది న్యాయమూర్తుల మెజారిటీతో ఆ వాదనను తోసేసింది. ఖచ్చితంగా తెలియడం కాదు, దాన్ని తప్పించుకోవాలన్న ఉద్దేశంతో ఉద్యోగం ఇవ్వకపోవడమే నేరమంది. మా అమ్మ భాషలో నియ్యత్ చూడాలంది. వేలకోట్ల కుంభకోణాల్లో పై అధికారుల నియ్యత్‌ను తేల్చడం ఎంత కష్టమని ఆ దేశం అంటుందో, ఒక దుకాణం మేనేజరు నియ్యత్ అంత సులువుగా తేలింది.

మా ఆపా కూతురు హైటెక్ సిటీలో ఒక అమెరికన్ కంపెనీలో పనిచేస్తుంది. తనూ స్కార్ఫ్ కట్టుకునే వెళుతుంది, ఆ విషయంలో ఎవరూ ఏమీ అనలేదు. ఏటేటా వాళ్లకు కంప్యూటర్ తెరమీద నీతి పాఠం ఉంటుంది, చివర పరీక్ష ఉంటుంది. కిందటి రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని అదే పూర్తిచేస్తోంది. పక్కన కూచుని చూశాను. కథలో ఒక ఉద్యోగి ఖాతాదారు నుంచి ఖరీదైన బహుమతి తీసుకుంటాడు. అతను చేసింది ఒప్పా తప్పా, ఎవరికి ఫిర్యాదు చేయాలి అని నాలుగు జవాబులు.

"ఇన్ని కథల్లో తప్పు చేసేది ఎప్పుడూ చిన్న ఉద్యోగేనా?" అన్నాను.

"అవును మామూ. మేనేజర్ ఒక్కోసారి ఉంటాడు. టార్గెట్ గురించి మాత్రం కథ ఉండదు."

చివరి పేజీలో అంతా చదివాను, అర్థమైంది, కట్టుబడి ఉంటాను అని ఒక గడి ఉంది. అందులో టిక్ పెడితేగానీ బయటికి రాదు.

"పెట్టకపోతే ఏమవుతుంది?"

"మెయిలొస్తుంది. తర్వాత మా మేనేజర్‌కు వెళుతుంది. తర్వాత టీమంతటికీ ఎర్రగా కనబడుతుంది, మనవల్ల వాళ్ల పర్సెంటేజీ తగ్గుతుంది కదా" అని టిక్ పెట్టి, తరావీహ్‌కు టైమవుతోందని ల్యాప్‌టాప్ మూసింది.